నాణెం చెప్పినది, కథ చేర్చినది: లెఫ్టినెంట్ జార్జ్ డిక్సన్ యుద్ధజీవిత కథనాల పరిశీలన

అమెరికా అంతర్యుద్ధ చరిత్రలో కిందిస్థాయి అధికారుల జీవితాలు ఐతిహ్యానికీ ఆధారానికీ నడుమ నిలుస్తాయి. కాన్ఫెడరేట్ సైన్యంలోని 21వ అలబామా పదాతిదళానికి చెందిన జార్జ్ డిక్సన్ ఇందుకు తగిన ఉదాహరణ. 1862 ఏప్రిల్ 6న షైలో యుద్ధంలో అతని తొడకు గుండు తగిలింది. జేబులోని 20 డాలర్ల బంగారు నాణెం ఆ గుండును అడ్డుకుందనీ, దానిని ప్రియురాలు క్వీనీ బెన్నెట్ ఇచ్చిందనీ ప్రతీతి. తరువాత అతడు హన్లీ జలాంతర్గామికి నాయకుడయ్యాడు. 1864 ఫిబ్రవరి 17న చార్ల్‌స్టన్ తీరంలో హౌసటానిక్ అనే యూనియన్ యుద్ధనౌకను ముంచి, తన సిబ్బందితో పాటు తానూ మరణించాడు.

ఈ చరిత్రకు ఒక ముఖ్య ఆధారం అదే దళానికి చెందిన విలియం అలెగ్జాండర్ 1902లో ప్రచురించిన జ్ఞాపకాలు. అతడు డిక్సన్‌తో కలిసి పనిచేసినవాడు, హన్లీ నిర్మాణంలో పాల్గొన్నవాడు. కనుక అతని మాటకు ప్రత్యక్షసాక్షి విలువ ఉంది. అయితే 2000 ఆగస్టు 8న వెలికితీసిన నౌక ఆ జ్ఞాపకాలను కొన్నిచోట్ల సవరించింది. బాయిలరును మార్చి కట్టినట్లు అతడు చెప్పిన నౌక, ఆ పనికోసమే రూపొందించిన నునుపైన ఇనుప దేహంగా తేలింది. తొమ్మిదిమంది సిబ్బంది అని అతడు రాయగా, లోపల ఎనిమిదిమంది అవశేషాలే లభించాయి. దగ్గరగా చూసిన కన్ను కూడా దాదాపు నలభై ఏళ్ల తరువాత పొరపడగలదు.

మరోవైపు, వంగిన నాణెం 2001లో డిక్సన్ అవశేషాల దగ్గర దొరికింది. దానిపై షైలో పేరు, యుద్ధం జరిగిన తేదీ, అది తన ప్రాణరక్షకమన్న మాట, అతని పేరులోని పొడి అక్షరాలు చెక్కి ఉన్నాయి. తొడ ఎముకపై మానిన గాయం గుర్తు ఉంది. కథలో సగం ఇలా రుజువైంది. విమర్శకుడు జాగ్రత్తపడవలసింది ఇక్కడే. నాణెం గుండును ఆపిందన్నది వస్తువు చెప్పిన సత్యం. దానిని ఎవరు ఇచ్చారన్నది చెక్కడంలో లేదు. ఒక అంశం నిజమైనంత మాత్రాన దానితో అల్లుకున్న ప్రేమగాథ కూడా నిజమని గ్రహించడం తర్కదోషం.

అంతకంటే గంభీరమైన లోపం మరొకటుంది. నాణెం కాంతిలో ఇతర మరణాలు మసకబారాయి. డిక్సన్ నాయకత్వం చేపట్టక ముందే 1863లో హన్లీ రెండుసార్లు మునిగి 13 మందిని బలిగొంది. హౌసటానిక్‌లో ఐదుగురు చనిపోయారు. బానిసత్వాన్ని తన రాజ్యాంగంలోనే రక్షించుకున్న ప్రభుత్వం కోసం ఈ సాహసమంతా జరిగింది. వ్యక్తి ధైర్యాన్ని అంగీకరించడం వేరు, అతడు సేవించిన లక్ష్యాన్ని మరుగుపరచడం వేరు.

అందువల్ల డిక్సన్ చరిత్రను రాసేవారు మూడు పొరలను విడదీయాలి: వస్తువు నిరూపించినది, సాక్షి జ్ఞాపకం చెప్పినది, తరువాతి తరాలు కోరుకున్నది. మొదటి పొరకున్న ప్రామాణికతను మూడవ పొరకు అరువు ఇవ్వడమే ఈ కథనాల ప్రధాన బలహీనత.