కాగితపు ఆయువు: బారో పరిశోధనపై ఒక విమర్శ

ప్రాతపుస్తకము పొడియైనచో చెమ్మను, చెదలను నిందించుట లోకపు వాడుక. దోషము కాగితమునందే కలదని ప్రయోగములతో చూపినవారిలో అమెరికాలోని వర్జీనియాకు చెందిన విలియం బారో (1904–1967) ముఖ్యుడు. ఈయన రసాయన శాస్త్రవేత్త కాడు. శిథిలపత్రములను బాగుచేయు పనివాడు. వర్జీనియా రాష్ట్ర గ్రంథాలయము తోడ్పడగా, గ్రంథాలయ వనరుల మండలి 1957లో ద్రవ్యమీయగా, 1900–1949 నడుమ అచ్చైన 500 పుస్తకముల కాగితమును మడిచి, చించి పరీక్షించెను. సిరా పాకకుండుటకై కాగితపు గుజ్జులో పటికను, పైన్ చెట్ల బంకను కలుపు పద్ధతి 1807లో ఇల్లిగ్ ప్రకటించినది. ఆ పటికనుండి పుట్టు ఆమ్లమే నారను తెంచును.

నిదానమున బారో దిట్ట. ఆమ్లమును సున్నపునీటితో విరుచుటయు మెచ్చదగినదే. చికిత్సలో రెండవ భాగమే సందేహాస్పదము. పత్రమును సెల్యులోజ్ ఆసిటేట్ పొరల నడుమనుంచి వేడి రోలర్లతో నొక్కినచో, వేడిమి కాగితమునకు హాని. పొరను మరల ఊడదీయుట మహాకష్టము. దిల్లీలోని జాతీయ అభిలేఖాగారము అదే పొరను ఆసిటోనుతో చేతితో అంటించు పద్ధతిని రూపొందించినది. వేడి తప్పినది గాని పొర తప్పలేదు.

ఈ విచారణ పరాయి ముచ్చట కాదు. గుడ్డపీలికల కాగితముకంటె తరువాతి కొయ్యగుజ్జు కాగితము త్వరగా పెళుసగును. కావున బళ్ళారి, బరంపురము, యానాములలోని ఇండ్ల అటకలపై నున్న నూరేండ్లనాటి అచ్చుపుస్తకములను, కుటుంబ దస్తావేజులను ముందు కనిపెట్టవలెను. వాటికి నేడు అంగడిలో వేయించు ప్లాస్టిక్ లామినేషన్ బారో పొరకంటె మోటుది. సున్నపునీటి స్నానమైనను లేనందున ఆమ్లము లోపలనే చిక్కి తన పని తాను చేయుచుండును.