పీటల మీద చోటు

“పంతులుగారూ, మా పెళ్ళి అందరి పెళ్ళిలా కాదు, మాలాగా ఉండాలి.” ముహూర్తం పెట్టించుకోవడానికి వచ్చే పిల్లలు ఈమధ్య తరచుగా అంటున్న మాట ఇది. పక్కన కూర్చున్న తల్లిదండ్రులు నేనేమంటానోనని కంగారుగా చూస్తారు. “సరేనమ్మా, మీలాగా అంటే ఎలాగ?” అని అడుగుతాను. ఫోను తీసి చూపిస్తారు. పొగల మధ్యలోంచి నడిచొచ్చే పెళ్ళికూతురు, తలంబ్రాల వేళ రంగుకాగితాలు చిమ్మే గొట్టాలు, నెత్తిమీద గింగిరాలు కొట్టే డ్రోను. వీటిలో దేనికీ నాకు పేచీ లేదు, హోమగుండానికి ఎడంగా ఉంటే చాలు. కాకపోతే ఆ ఫోనులో ఉన్న పెళ్ళిళ్ళన్నీ ఒకే పెళ్ళిలా కనబడతాయి.

కోనసీమలో నేర్చుకుని, హైదరాబాదులో స్థిరపడి ఈ వృత్తి చేస్తున్నవాణ్ణి. నాకు తెలిసినంతలో ఒక జంట పెళ్ళి ఆ జంటదే అనిపించాలంటే బయటినుంచి తెచ్చి అతికించాల్సింది పెద్దగా లేదు. ఆ మనుషుల కోసమే వదిలిపెట్టిన ఖాళీలు మన తంతులోనే ఉన్నాయి. ఫంక్షన్ హాలు అద్దె గంటలు, భోజనాల తొందర, వీడియో లైట్ల వేడి, వీటి మధ్య పురోహితులం గబగబా చదువుకుపోతుంటాం గనక అవి ఎవరికీ కనబడవు.

ఇది నా సొంత సిద్ధాంతమేమీ కాదు. తెలుగునాట ఎక్కువమందికి ఆధారమైన ఆపస్తంబ గృహ్యసూత్రం, పెళ్ళిలో జరగవలసిన ఆచారాలను ఆడవాళ్ళను అడిగి తెలుసుకోమంటుంది. ఆశ్వలాయనుడు దేశానికో ధర్మం, ఊరికో ధర్మం ఉంటాయని, పెళ్ళిలో వాటిని పాటించాలని చెప్పాడు. మనం ప్రాణంగా చూసుకునే జీలకర్ర బెల్లం గృహ్యసూత్రాల్లో లేదు. మంగళసూత్రమూ లేదు. సుముహూర్తానికి సూత్రకారుడు చెప్పింది వధూవరులు ఒకరినొకరు చూసుకోవడం. దాన్ని మనవాళ్ళు అడ్డుతెరగా, నెత్తిన పెట్టే జీలకర్ర బెల్లంగా మలుచుకున్నారు. మేనమామ గంపలో మోసుకురావడం, గొడుగు పట్టుకుని కాశీయాత్రకు బయల్దేరడం, బిందెలో ఉంగరం వెతకడం, ఇవన్నీ ఇళ్ళల్లోంచి వచ్చి పీటలెక్కినవే. కాబట్టి “శాస్త్రం ఒప్పుకోదు” అని మండపంలో ఎవరైనా గొంతు పెంచితే, ఏ శాస్త్రం అని నెమ్మదిగా అడగబుద్ధేస్తుంది. పెద్దమనుషులు కదా, అడగను.

సంకల్పం సంగతి చూడండి. ఏ ద్వీపం, ఏ వర్షం, శ్రీశైలానికి ఏ దిక్కు, ఏ నదుల మధ్య, ఏ సంవత్సరం, ఏ తిథి, ఏ గోత్రం, ఏ పేరు, ఇంత కచ్చితంగా చిరునామా చెప్పుకున్నాకే కర్మ మొదలవుతుంది. హైదరాబాదులో పీటల మీద కూర్చున్నవాళ్ళు కృష్ణా గోదావరుల నడుమ ఉన్నారు. విశాఖలో కూర్చున్నవాళ్ళు శ్రీశైలానికి ఈశాన్యాన ఉన్నారు. అమెరికాలో పెళ్ళిళ్ళు చేయించే మావాళ్ళు జంబూద్వీపం బదులు క్రౌంచద్వీపం అంటారు, భరతవర్షం బదులు రమణకవర్షం అంటారు, అక్కడి నదుల పేర్లు కలుపుతారు. నవ్వేవాళ్ళున్నారు గానీ టెక్సాస్‌లో కూర్చుని కృష్ణా గోదావరుల మధ్య ఉన్నామని చెప్పడమే నవ్వులాట. సంకల్పం చదివాక దాన్నే తెలుగులో రెండు ముక్కల్లో చెబుతాను. ఒక పెళ్ళిలో వధువు తాతగారి ఊరు శ్రీశైలం జలాశయంలో మునిగిపోయిందని ముందే తెలిసింది. “ఫలానా ఊరి ఫలానావారి మనవరాలు” అని మైకులో ఆ ఊరి పేరు చెప్పాను. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన లేచి నిలబడి, మళ్ళీ చెప్పమన్నారు. చెప్పాను.

ప్రవర కూడా అలాంటిదే. ఇరువైపులా మూడేసి తరాల పేర్లు, ఫలానావారి మునిమనవడు, మనవడు, కొడుకు అంటూ మూడుసార్లు చదువుతాం. ముత్తాత పేరు చాలామంది పిల్లలకు తెలియదు, కొందరు తండ్రులకూ తెలియదు. అందుకే పెళ్ళికి నెల ముందే ఒక కాగితమిచ్చి పేర్లతో పాటు వాళ్ళు ఏం చేసేవారో రాసుకు రమ్మంటాను. ఆ వంకన ఊళ్ళకు ఫోన్లు వెళతాయి, మాటలు లేని బాబాయిలతో మాటలు కలుస్తాయి. “అమ్మమ్మల పేర్లు ఎందుకు లేవు?” అని ఆడపిల్లలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. సంస్కృత ప్రవరను నేను మార్చను. ఆ వెంటనే తెలుగులో తల్లి, అమ్మమ్మ, నాయనమ్మల పేర్లు చదువుతాను. ఇది సగం పనే అని ఒకమ్మాయి నా మొహం మీదే అంది. ఒప్పుకున్నాను.

ముట్టుకోని చోటు ఒక్కటుంది, ముహూర్తం. లగ్నం సుమారు రెండు గంటలు, అందులో తొమ్మిదో వంతు నవాంశ. మేము ఎంచి పెట్టేది ఆ పదమూడు పద్నాలుగు నిమిషాల్లో ఒక క్షణం. తమిళులకు తాళి కట్టే వేళ ముహూర్తమైతే, మనకు జీలకర్ర బెల్లం. పెళ్ళికూతురి ప్రవేశం పాట ఇంకా అవలేదని ఆ క్షణాన్ని జరపమంటే కుదరదు. అందుకే మేళంవాళ్ళతో, ఫొటోగ్రాఫరుతో, ఈవెంటు కుర్రాళ్ళతో ముందుగా కూర్చుని మాట్లాడుకుంటాను. గట్టిమేళానికి వేలు పైకెత్తి సైగ చేసేది నేను, కెమెరా కాదు. ముహూర్తం మనది, మిగతాదంతా మీది అంటే అందరూ చక్కగా వింటారు.

విడమరిచి చెప్పడంలో నాకు గురువు రేడియో. భద్రాచలం సీతారామకల్యాణానికి ఉషశ్రీ చేసిన వ్యాఖ్యానం విన్న తరంవాళ్ళం మేం. మంత్రం మీద మాట పడనిచ్చేవారు కాదు. జరగబోయేది ముందు చెప్పి, జరుగుతున్నప్పుడు ఊరుకునేవారు. నేనూ అంతే. మంత్రానికి ముందు అర నిమిషం చెబుతాను, ఆ తర్వాత నోరు మూసుకుని పని చేయిస్తాను. యోక్త్రం అని నడుముకు దర్భతాడు ఎందుకు కడుతున్నారో, సన్నికల్లు ఎందుకు తొక్కిస్తున్నారో ముందే తెలిస్తే పిల్లల మొహాలు వేరేగా ఉంటాయి. వరుడి తరఫువాళ్ళు పంజాబీలో, మలయాళీలో అయితే వాళ్ళ బంధువుల్లో ఒకరికి ఆ నాలుగు మాటలు రాసిచ్చి వాళ్ళ భాషలో చెప్పిస్తాను. నా ఇంగ్లీషు కన్నా అదే నయం. ఉపన్యాసం మాత్రం పనికిరాదు. కన్యాదానం మీద ఇరవై నిమిషాలు మాట్లాడే బ్రహ్మగార్లను చూశాను, జనం భోజనాలకు లేచిపోతారు.

ఇక కన్యాదానం. ఈ మాట దగ్గరే ఎక్కువ చిక్కులు. తండ్రి పోయాక తల్లి ఒక్కతే సాకిన పిల్ల పెళ్ళి మాట్లాడుతుంటే ఆ తల్లి తనంతట తానే, “నేనెలాగూ పీటల మీద కూర్చోకూడదు కదండీ, మా మరిదీ తోటికోడలూ కూర్చుంటారు” అంది. పిల్ల తలవంచుకుంది. నేను యాజ్ఞవల్క్యస్మృతి తీసి చూపించాను. కన్యను ఇవ్వదగినవాళ్ళ వరసలో తండ్రి, తాత, అన్నదమ్ములు, జ్ఞాతులు, ఆ తర్వాత తల్లి పేరు స్పష్టంగా ఉంది. ఎవరూ లేకపోతే పిల్ల తానే వరుణ్ణి వరించవచ్చని కూడా అక్కడే ఉంది. “చివర ఉంది కదండీ” అన్నాడు మరిది. ఉంది. అయితే ముందున్నవాళ్ళు తప్పుకుంటే చివరివాళ్ళకు వస్తుంది కదా అన్నాను. ఆయన ఆలోచించాడు. చెడ్డవాడు కాదు, ఊళ్ళో మాటలకు భయపడ్డాడు, అంతే. మర్నాడు ఆయనే ఫోను చేసి, “వదినే కూర్చుంటుంది, బిందె నేను అందిస్తాను” అన్నాడు. పెళ్ళిరోజు ఆమె కాళ్ళు కడుగుతుంటే, నీళ్ళు పోసింది ఆ మరిదే. దీనికి కొత్త మంత్రం ఒక్కటీ అక్కర్లేకపోయింది. పీటల మీద ఎవరు కూర్చోవాలో తేలితే పెళ్ళి సగం వాళ్ళదైపోతుందని నేననేది ఇందుకే.

“నన్ను దానమివ్వడమేమిటి, నేనేమన్నా వస్తువునా?” అనే అమ్మాయిలూ వస్తారు. వాళ్ళతో వాదించను. ఆ ఘట్టంలో బరువంతా వరుడు చేసే ప్రమాణం మీద ఉందని, ధర్మంలో, అర్థంలో, కామంలో ఈమెను కాదని నడుచుకోను అని ఒప్పుకోవాలని చెబుతాను. చాలా పెళ్ళిళ్ళలో ఆ ‘నాతిచరామి’ పురోహితుడి గొంతులోనే వినబడుతుంది, వరుడు పెదవులు కదుపుతాడు. నేను మైకు అతని చేతికిస్తాను. వధువు కూడా అంటానంటే అనిపిస్తాను, అడ్డు చెప్పే నియమం నాకు తెలిసి లేదు. ఇంత చెప్పినా వద్దంటే కన్యాదానం వదిలేసి పాణిగ్రహణంతో నడిపిస్తాను. సప్తపదిని మాత్రం వదలనివ్వను. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఏడో సెక్షను ప్రకారం ఇరుపక్షాల్లో ఎవరి ఆచారం ప్రకారమైనా పెళ్ళి చేసుకోవచ్చు. ఆ ఆచారంలో సప్తపది ఉంటే ఏడో అడుగుతో వివాహం పూర్తవుతుంది. వీసా కోసం ముందు రిజిస్ట్రేషను చేయించుకుని, పెళ్ళి తర్వాత చూద్దామనేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. తంతు జరగకుండా సర్టిఫికెట్టు ఒక్కటే హిందూ వివాహం కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది.

అసలు మంత్రాలే వద్దనేవాళ్ళకు కూడా మన దగ్గర దారి పడే ఉంది. త్రిపురనేని రామస్వామి చౌదరి (1887–1943) పెళ్ళి తంతు జనానికి అర్థమయ్యే తెలుగులో జరగాలని ‘వివాహవిధి’ రాశారు, ఆ పద్ధతిలో పెళ్ళిళ్ళు చేయించారు. మా వృత్తి మీద నిప్పులు చెరిగిన మనిషి. అయినా పెళ్ళికొడుక్కి అర్థంకాని ప్రమాణం ప్రమాణమెలా అవుతుందన్న ఆయన ప్రశ్నకు మేం ఇప్పటికీ పూర్తిగా జవాబు చెప్పలేదు. నాస్తికుడైన గోరా తన కుమార్తె మనోరమ వివాహాన్ని 1948లో సేవాగ్రామ్‌లో జరిపించారు. ఆ పెళ్ళికి గాంధీ ముందే ఒప్పుకున్నారు, దేవుడి మాట స్థానంలో సత్యం అనే మాట పెట్టడానికీ ఒప్పుకున్నారు. పెళ్ళినాటికి ఆయన లేరు. అంతకు ముందెప్పుడో 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం తొలి వితంతు వివాహం చేయించినప్పుడు పాల్గొన్నవాళ్ళకు వెలి ముప్పు ఉండేది. ఇప్పుడు మా దగ్గరకొచ్చే పిల్లల పట్టుదల వీటి పక్కన చాలా చిన్నది. తమిళనాడులో 1967 సవరణ దండల పెళ్ళికి చట్టబలం ఇచ్చింది. మనకు ఆ సెక్షను లేదు. కాబట్టి దండలు మార్చుకుని ఊరుకుంటామనేవాళ్ళను ప్రత్యేక వివాహ చట్టం కింద ముప్పై రోజుల నోటీసు ఇచ్చి, ముగ్గురు సాక్షులతో రిజిస్ట్రారు దగ్గరకు వెళ్ళమంటాను. అలాంటి పెళ్ళికి నన్ను పిలిస్తే వెళ్ళి భోంచేసి వస్తాను. నాకక్కడ వేరే పని లేదు.

సొంత ప్రమాణాలు రాసుకున్నాం, ఎక్కడ చదవమంటారు అని అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. సినిమాల్లో చూసి కాబోలు, ఒక్కొక్కరు రెండేసి పేజీలు తెస్తారు. నేను వాటిని సప్తపదికి మళ్ళిస్తాను. ఏడడుగులకు ఏడు కోరికలు ఉన్నాయి, అన్నం, బలం, వ్రతం, సుఖం, పశువులు, సంపద, యజ్ఞం. ఏడో అడుగయ్యాక వరుడు వధువును తనకు స్నేహితురాలివి కమ్మంటాడు. ఒక్కో అడుగు మంత్రం అయ్యాక ఒక్కో వాక్యం చెప్పుకోమంటాను, ఒక్క ఊపిరిలో అయిపోవాలి. సభలో చెప్పుకోలేనిది ఇంట్లో చెప్పుకోవాలి. ఈ షరతులతో రెండు పేజీలు ఏడు వాక్యాలవుతాయి, అందులో మాట నిగ్గుతేలుతుంది. పశువుల అడుగు దగ్గరే అందరూ తడబడతారు, అపార్టుమెంటులో గేదెలెక్కడివి! ఒక పెళ్ళిలో వధువు పశువుల డాక్టరు. ఆ అడుగు తనదేనని ముందే చెప్పి ఉంచింది. అర్ధరాత్రి దూడకు కష్టమైందని ఫోనొస్తే నేను వెళ్ళాలి, నువ్వు తలుపు తీసిపెట్టాలి అంది. అతను సరేనన్నాడు. “బండి కూడా తీసిపెట్టు నాయనా” అని అతని అమ్మ కిందినుంచి కేకేసింది. మేళంవాళ్ళు నవ్వు ఆపుకోలేక సన్నాయి పక్కన పెట్టేశారు. నేను ఆరో అడుగు మంత్రం అందుకున్నాను.