ఫ్యూజు స్థానంలో బల్బు

పాత బుల్లెట్‌కి ఫ్యూజు పోయిందంటే చాలామంది ఇంకోటి వేస్తారు. అదీ పోతే సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం మడిచి పెడతారు. బండి నడుస్తుంది. కాకపోతే ఈసారి ఫ్యూజు బదులు వైరింగే కాలుతుంది. సీటు కింద పొగ కనబడేదాకా ఆ సంగతి తెలియదు.

అదే బండిని డైనమో, సెల్ఫ్ పనులు చేసే పాతకాలపు ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లండి. ఆయన కొత్త ఫ్యూజు ఊసెత్తడు. డబ్బాలోంచి ఓ పాత ఇండికేటర్ బల్బు తీస్తాడు. దాని హోల్డరుకి మూరెడేసి వైర్లు రెండు, కొసలకి క్లిప్పులు. మాడిన ఫ్యూజు పీకేసి, అది కూర్చునే చోట రెండు వైపులా ఆ క్లిప్పులు కరిపిస్తాడు. టెస్ట్ ల్యాంపు అంటే ఇదే. చూడ్డానికి చిల్లర సరంజామా, వెనకున్న ఆలోచన మాత్రం గట్టిది.

చాలా బళ్లలో బ్యాటరీ నెగటివ్ బాడీకి కట్టి ఉంటుంది. ఫ్రేము, మడ్‌గార్డు, హ్యాండిలు అన్నీ ఎర్తే. పాజిటివ్ వైరు తొడుగు ఎక్కడో ఒరిసిపోయి రాగి ఇనుముకి తగిలిందంటే కరెంటుకి అడ్డు ఉండదు. పదుల ఆంపియర్లు ఒక్కసారిగా పారి, 15 ఆంపియర్ల ఫ్యూజు రెప్పపాటులో తెగుతుంది. బండి బతుకుతుంది గానీ, తప్పు ఎక్కడుందో వెతికే దారి కూడా దాంతోనే తెగిపోతుంది. 12 వోల్టుల, 21 వాట్ల బల్బు అలా కాదు, తన గుండా ఒకటిముప్పావు ఆంపియరుకి మించి పోనివ్వదు. వైరు బాడీకి తగిలే ఉన్నా ఏదీ కాలదు. షార్టు ఉన్నంతసేపూ బల్బు నిండుగా వెలుగుతుంది, విడిపోగానే వెలుగు పడిపోతుంది. ఫ్యూజు ఒక్కసారి చెప్పి ఊరుకుంటే, ఇది దొరికేదాకా చెబుతూనే ఉంటుంది. (పాత జావా, యెజ్డీ లాంటి 6 వోల్టుల బళ్లకి 6 వోల్టుల బల్బే పెట్టాలి. లేకుంటే అసలు షార్టు కూడా మినుకుమంటూ మోసం చేస్తుంది.)

పనితనమంతా ఆ వెలుగుని చదవడంలో ఉంది. తాళం తిప్పకముందే బల్బు నిండుగా వెలిగితే తప్పు ఫ్యూజుకీ ఇగ్నిషన్ స్విచ్‌కీ మధ్య వైర్లోనో, రెక్టిఫైరులోనో ఉంటుంది. రెక్టిఫైరు ప్లగ్గు పీకగానే ఆరిందా, లోపల డయోడు పోయినట్టే. తాళం తిప్పాక వెలిగితే హారన్, ఇండికేటర్లు, బ్రేకు లైటు ఒక్కోటీ విప్పుతూ పోవాలి. ఏది విప్పితే వెలుగు పడిపోతుందో షార్టు ఆ దారిలో ఉంది. బ్రేకు నొక్కి చూస్తే ఈ లెక్క చక్కగా తెలుస్తుంది. బ్రేకు బల్బూ 21 వాట్లదే కాబట్టి, వైరు బాగుంటే రెండూ వోల్టేజీని సగం సగం పంచుకుని మందంగా వెలుగుతాయి. వెనకది వెలగకుండా టెస్ట్ ల్యాంపు భగ్గుమంటే దొంగ దొరికినట్టే. హెడ్‌లైటు దగ్గర మాత్రం తికమక. 35 వాట్ల బల్బుతో జత కలిస్తే షార్టు లేకున్నా టెస్ట్ ల్యాంపు బాగానే వెలుగుతుంది. అందుకే ముందు హెడ్‌లైటు బల్బు ఊడదీస్తారు.

కాస్ట్ ఐరన్ బుల్లెట్లలో ఇంకో చిక్కుంది. తాళం తిప్పగానే అమ్మీటర్ ముల్లు మైనస్ వైపు వాలుతుంది, కొత్తవాడు షార్టనుకుని బెదిరిపోతాడు. పాయింట్లు మూసుకుని ఉంటే ఇగ్నిషన్ కాయిల్ లాగే కరెంటు అది. కిక్కు నెమ్మదిగా తొక్కితే పాయింట్లు విడి, ముల్లు మధ్యకొస్తుంది. టెస్ట్ ల్యాంపు పెట్టేముందు కూడా ఈ పని చేయాలి, లేదా కాయిల్ వైరు విప్పాలి.

మల్టీమీటరు ఉండగా ఇదంతా ఎందుకని ఇప్పటి కుర్రాళ్లు అడుగుతారు. మీటరు మంచిదే. చిలుము పట్టి వోల్టేజీ పడిపోయే చోట్లు దానితోనే తెలుస్తాయి. షార్టు విషయంలో మాత్రం నా ఓటు బల్బుకే. బీప్ పెట్టి వెతికితే మీటరు మంచి బల్బుకి కూడా అరుస్తుంది. చల్లని ఫిలమెంటు నిరోధం వెలుగుతున్నప్పటి దాంట్లో సుమారు పదో వంతే, ఒక ఓము కూడా ఉండదు. పైగా అప్పుడప్పుడూ వచ్చిపోయే షార్టుకి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. బల్బుని సీటు మీద పెట్టుకుని, హ్యాండిలు ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పుతూ, వైర్ల కట్టని తడుముతూ వస్తే ఎక్కడ భగ్గుమందో చెయ్యి అక్కడే ఆగుతుంది.

మొదటి అనుమానం స్టీరింగ్ మెడ మీద. హ్యాండిలు తిరిగిన ప్రతిసారీ వైర్లు అక్కడ వంగుతాయి. తర్వాత హెడ్‌లైటు డూమ్. వైర్లు దూరే రంధ్రానికి రబ్బరు రింగు ఊడితే రేకు అంచు తొడుగుని కోస్తూనే ఉంటుంది. ట్యాంకు కింద నలిగిన చోటు ట్యాంకు దించితే తప్ప కనబడదు. వెనక మనిషి కూర్చుంటేనే ఫ్యూజు పోయే బళ్లూ ఉంటాయి. షాకబ్జార్బర్లు దిగినప్పుడు జారిన వైరు మడ్‌గార్డు దగ్గర నొక్కుకుపోతుంది. అలాంటి బండిని స్టాండేసి ఎంత వెతికినా లాభం లేదు, ఇద్దర్ని ఎక్కించాలి. నెలల తరబడి కదలని బళ్ల సంగతి ఎలుకలకే తెలియాలి.

ఫ్యూజు పోని షార్టులు ఇంకా గడుసువి. చాలా బళ్లలో కరెంటు నేరుగా హారన్‌కి వస్తుంది, బటన్ ఎర్తు కలుపుతుందంతే. హారన్ నుంచి బటన్‌కి పోయే వైరు బాడీకి తగిలితే నడిబజారులో హారన్ తనంతట తానే మోగుతుంది. 1985 నుంచి 1996 దాకా తయారైన యమహా ఆర్‌ఎక్స్ 100లో ఇంజను ఆపేదీ ఎర్తే. తాళం కట్టగానే సీడీఐ వైరొకటి బాడీకి కలిసి స్పార్కు ఆగిపోతుంది. ఆ వైరు తొడుగు స్టీరింగ్ దగ్గర ఊడిందంటే మలుపు తిరిగినప్పుడల్లా ఇంజను ఆగుతుంది. కార్బురేటరు విప్పించి, ప్లగ్గు మార్చి, ట్యాంకు కడిగించాక గానీ జనం ఎలక్ట్రీషియన్ దగ్గరికి రారు. ఆయన సీడీఐ దగ్గర ఆ ఒక్క వైరు పీకి, ఓ రౌండు కొట్టి రమ్మంటాడు. (తిరిగొచ్చాక తాళంతో ఆగదు, గేరులో వేసి బ్రేకు పట్టి క్లచ్ వదలాలి.)

రిపేరు చిన్నదే అయినా నాసిగా చేయడం సులువు. మెలిపెట్టి టేపు చుడితే వేడికి, ఆయిలుకి జిగురు జారిపోతుంది. నల్లబడ్డ రాగిని మెరుపు కనబడేదాకా కోసి, అదే రంగు వైరు సోల్డరు చేసి, స్లీవు తొడిగి, హ్యాండిలు పూర్తిగా తిరిగేంత వదులిచ్చి కట్టాలి. ఇంత ఓపిక లేని షాపుల్లో వైరింగ్ కిట్టే మార్చేయమంటారు. తొడుగు పొడవునా పెళుసెక్కి విరుగుతుంటే అది సబబే. ఒక్క చోట ఒరుసుకున్నందుకు మొత్తం పీకడం దండగ. చిక్కల్లా కూలి దగ్గర. కొత్త కిట్టు కంటికి కనబడుతుంది గనక డబ్బు మారుమాట లేకుండా ఇస్తారు. పూటంతా వెతికి అంగుళం వైరు అతికితే మాత్రం "ఇంత చిన్న పనికి అంతా?" అంటారు. తెలిసిన పనివాళ్లు అందుకే టెస్ట్ ల్యాంపు తీయకుండానే బండి యజమానిని పిలుస్తారు. హ్యాండిలు ఆయన చేతే తిప్పించి, వెనక సీటు మీద ఎక్కించి, బల్బు భగ్గుమనలేదని ఆయనకి చూపించాకే ఫ్యూజు వేస్తారు, కూలి మాట ఎత్తుతారు.