యంత్రం పాటా, పాటకు యంత్రమా?

వంగపండు ప్రసాదరావు (1943–2020) ఉమ్మడి విజయనగరం జిల్లా పెదబొండపల్లి మనిషి. విశాఖ షిప్‌యార్డులో పనిచేసినవాడు. 'యంత్రమెట్టా నడుస్తు వుందంటే' అని పాట కట్టాడు. ఆ ప్రశ్న యిప్పుడు పాటకే వేయాల్సొచ్చింది.

సునో, ఉడియో అనే యంత్రాలకు నాలుగు ముక్కలు రాసిస్తే నిమిషంలో పాట చేతికొస్తుంది. ఉత్తరాంధ్ర జానపదం కావాలన్నా కాదనవు. యెక్కణ్ణుంచి తెస్తున్నాయి? ముందు యెవరెవరో పాడినవాటిని మింగి. 2024 జూన్‌లో యూనివర్సల్, సోనీ, వార్నర్ కంపెనీలు అమెరికాలో దావా వేశాయి. 2025లో కొన్ని రాజీపడి లైసెన్సులు రాసుకున్నాయి. వాళ్ళ దగ్గర కాగితాలున్నాయి మరి. ఊడుపుల్లో పాడిన మా అమ్మల పాటకు పట్టా యేదీ?

రెండో రకం పనిముట్టు వేరు. మనిషి పాడాలి, యంత్రం సాయం పడుతుంది. పాత క్యాసెట్టులోంచి జాన్ లెనన్ గొంతు విడదీసి 2023లో బీటిల్స్ పాట విడుదల చేసింది యిలాంటిదాంతోనే. మేం దీనివైపే మొగ్గుతాం. అయితే దీన్నీ గుడ్డిగా నమ్మలేం. జముకు తీగె మోత, వంతలవాళ్ళ కేక, వాడలో పిల్లల గోల – దీనికి అన్నీ 'చెత్త'. శ్రుతి సర్దుతానని గొంతులో జీరని, యాసని చదును చేస్తుంది. శుభ్రం, అశుభ్రం అని యెవరో తేల్చడం మాకు కొత్తా?

అందుకే రికార్డింగుకి వెళ్ళే మిత్రులకి చెబుతున్నాం: సర్దిన పాట పాడినావిడకి ముందు వినిపించండి. ఆవిడ వద్దంటే వద్దు. సర్దని రికార్డు విడిగా దాచండి, ఆవిడ పేరుతో. కూలి ముందే మాట్లాడుకోండి.