ముందు నీరు పండాలి

బంటుమిల్లి, కృత్తివెన్ను, నాగాయలంక, కోడూరు వైపు పంటకూ పంటకూ మధ్య వెళితే ఎండగట్టిన రొయ్యల చెరువులు కనిపిస్తాయి. నెర్రెలిచ్చిన నేల, ఆపేసిన ఏరియేటర్లు, తాళం వేసిన మేత షెడ్డు. దారినపోయేవాళ్లకు అక్కడ పనేమీ జరగనట్టే ఉంటుంది. కానీ రొయ్యల సాగులో అన్నిటికన్నా నేర్పు కావలసిన దశ ఇదే. సీడ్ (రొయ్య పిల్లలు) వదిలాక రైతు చేతిలో ఉండేది కాపాడుకోవడం మాత్రమే. పంటకు పునాది పడేది అంతకుముందు వారాల్లో, రొయ్య ఒక్కటి కూడా లేని చెరువులో.

పని నేలతో మొదలవుతుంది. పట్టుబడి అయ్యాక అడుగున మిగిలే నల్లబురదలో తినకుండా మిగిలిన మేత, రెట్ట, విడిచిన పెంకులు ఉంటాయి. గాలి తగలని ఆ బురదలో హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కుళ్లిన గుడ్డు వాసన వచ్చేది దానివల్లే. అందుకే బురద ఎత్తిపోసి, నేల నెర్రెలు విచ్చేదాకా ఎండబెట్టి, పైపైన దున్నుతారు. ఎండా గాలీ లోపలికి దిగితే కుళ్లు విరుగుతుంది. తర్వాత మట్టి పీహెచ్ చూసి, అవసరాన్ని బట్టి సున్నం చల్లుతారు.

నీరు పెట్టేటప్పుడు సన్నని వలసంచుల్లోంచి వడగట్టడం, గట్టు చుట్టూ పీతలు దూరకుండా కంచె కట్టడం 1990ల దెబ్బ నేర్పిన పాఠాలు. టైగర్ రొయ్య మంచి ఊపులో ఉండగా, 1994-95లో తెల్లమచ్చ వైరస్ కోస్తాలో చెరువులకు చెరువులనే ఊడ్చేసింది. పీతలు, కాలువ రొయ్యలు ఆ వైరస్‌ను మోసుకొస్తాయి. అందుకే పెట్టిన నీటిని రెండు మూడు రోజులు నిలకట్టి, వడపోత దాటి వచ్చిన గుడ్లను పొదగనిచ్చి, ఆపైన బ్లీచింగ్ కొడతారు. ఎకరం చెరువులో నాలుగడుగుల లోతు నీరంటే దాదాపు 49 లక్షల లీటర్లు. లీటరుకు 60 మిల్లీగ్రాముల లెక్కన 290 కిలోలకు పైగా బ్లీచింగ్ పౌడర్ కావాలి. దీన్ని నీటిలో సున్నం వేయకముందే కొట్టాలి. పీహెచ్ పెరిగేకొద్దీ క్లోరిన్ పదును తగ్గిపోతుంది.

క్లోరిన్ పోయాక మిగిలేది శుభ్రమైన నీరు. అసలు ప్రమాదం కూడా ఆ శుభ్రతలోనే ఉంది. ఖాళీ నీటిలో ముందుగా పెరిగేవి వేగంగా పెరిగే జీవులు. రొయ్యకు జబ్బు తెచ్చే విబ్రియో బ్యాక్టీరియా అనుకూలిస్తే గంటలోపే రెట్టింపవుతుంది. చెరువులో పుట్టే అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రెట్టింపు కావడానికి అరరోజో, ఒక రోజో పడుతుంది. ఇవి కుదురుకోకముందే సీడ్ వదిలితే చెరువు విబ్రియో చేతికి పోతుంది. రైతు ఓపిక పట్టవలసిన కారణం ఇదే.

అందుకే తవుడు, బెల్లం మడ్డి, ఈస్ట్ కలిపి పులియబెట్టి, వడకట్టిన ఆ రసాన్ని రోజూ కొంత చల్లుతూ ఏరియేటర్లు తిప్పుతారు. పాలకు తోడు వేసినట్టే, కావలసిన జీవాన్ని మనమే ముందు నాటడం ఇది. కొద్ది రోజులకు నీరు రంగు తిరుగుతుంది. లేత గోధుమ, లేత ఆకుపచ్చ రంగులు మంచివి. తెల్లటి బిళ్లను నీటిలోకి దించితే 30-40 సెంటీమీటర్ల దగ్గర కనుమరుగు కావాలి. అంతకన్నా లోతుగా కనిపిస్తే జీవం చాలనట్టు. అంతకుముందే మాయమైతే పాచి మితిమీరినట్టు.

రంగు వచ్చినంత మాత్రాన పరీక్షలు మానకూడదు. చెరువులో అమ్మోనియాను ఎక్కువగా తినేది పాచే. అక్టోబరు, నవంబరుల్లో అల్పపీడనం పట్టి రెండు రోజులు ఎండ లేకపోతే పాచి చచ్చి అమ్మోనియా పైకి లేస్తుంది. అప్పుడు ఆదుకోవలసింది బ్యాక్టీరియా. వాటికీ ఖర్చుంది: ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని నైట్రేట్‌గా మార్చడానికి సుమారు 4.6 గ్రాముల ఆక్సిజన్, 7 గ్రాముల ఆల్కలినిటీ కరిగిపోతాయి. ఏరియేటర్ల కరెంటు, ఆల్కలినిటీని నింపే డోలమైట్ ఖర్చు ఎందుకో ఈ లెక్క చెబుతుంది.

అమ్మోనియాలో విషపు వంతు పీహెచ్‌తో మారుతుంది. మన ఎండకు వెచ్చబడిన నీటిలో పీహెచ్ 7 దగ్గర అది నూటికి ఒకటి కూడా ఉండదు. 9 దగ్గర మూడో వంతు దాటుతుంది. అమ్మోనియా నైట్రేట్‌గా మారే దారిలో వచ్చే నైట్రైట్ సంగతి ఇంకోరకం. ఉప్పునీటిలోని క్లోరైడ్ దాన్ని మొప్పల్లోకి వెళ్లకుండా అడ్డుకుంటుంది. డెల్టా లోపలి బోర్ల నీటిలో ఉప్పు తక్కువ కాబట్టి, సముద్రతీరపు చెరువు తట్టుకున్న నైట్రైట్‌కే ఇక్కడి వనామీ రొయ్య తల్లడిల్లుతుంది. పక్క ఊరి కొలతలను తెచ్చి మన చెరువుకు పెట్టుకోకూడదు.

విజయవాడలో ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకునేవాళ్లకూ ఇదే శాస్త్రం. ఉప్పు కలిపి, రాళ్లు అమర్చి, కొద్దిగా అమ్మోనియా వేసి వారాల తరబడి వేచి చూడాలి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగి నైట్రేట్ కనిపించాకే మొదటి చేప. పగడాల విషయంలో మాత్రం జాగ్రత్త. రాతిపగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. మన సముద్రం నుంచి తీసినవి కొనకూడదు. హేచరీలో పుట్టిన క్లౌన్ చేపలతో తృప్తిపడటమే న్యాయం.

మళ్లీ చెరువుల దగ్గరికి వస్తే, వనామీకి 2009లో అనుమతి వచ్చాక సాగు వేగం పెరిగింది. అప్పు తెచ్చిన డబ్బుకు వడ్డీ, లీజు గడువు, ముందే బుక్ చేసిన సీడ్ తేదీ, ఇవన్నీ రైతును తొందరపెడతాయి. చెరువు ఖాళీగా ఉన్న ప్రతి రోజూ నష్టంగా తోస్తుంది. నా దృష్టిలో ఆ రోజులు పెట్టుబడిలో భాగం. విత్తనం, మేత, మందుల ఖర్చు రాసుకునే పుస్తకంలోనే నీటి తయారీకి పట్టే రోజులనూ రాసుకోవాలి. అప్పులిచ్చేవాళ్లూ లీజుకిచ్చేవాళ్లూ వాటిని గుర్తించాలి.

ఈ ఓపిక ఒక్క రైతుకే కాదు, డ్రెయిన్ పంచుకునే అందరికీ మేలు. జబ్బు పడిన చెరువు నీటిని శుద్ధి చేయకుండా వదిలితే అది దిగువనున్న చెరువులోకే చేరుతుంది. సీడ్ వదిలేముందు నీటిని సిద్ధం చేసినంత శ్రద్ధగా, పంట అయ్యాక బయటికి వదిలే నీటినీ సిద్ధం చేసినప్పుడే ఈ విద్య పూర్తయినట్టు.