వంగి తిరిగొచ్చే కర్ర

నర్సీపట్నం దాటి చింతపల్లి ఘాట్ ఎక్కితే అడవిలో కర్రకు కొదవ లేదు. వేగి, నల్లమద్ది, అంకుడు, చరచి, ఏది కావాలంటే అది. అయినా కొండవాళ్ల విల్లు వెదురుదే. గట్టి కర్రయితే గట్టి విల్లు వస్తుందని కిందివాళ్లం అనుకుంటాం. అక్కడే బోల్తా పడతాం.

విల్లు వంగినప్పుడు వెలుపలి ముఖం సాగుతుంది, లోపలిది నలుగుతుంది. రెండూ ఓర్చుకుని, వదలగానే మళ్లీ మొదటికి రావాలి. వేగిలో నార ఒకదాన్నొకటి మెలివేసుకుని ఉంటుంది. అది తలుపుకు బలం, వింటికి గండం. అంకుడు మెత్తన, ఏటికొప్పాక బొమ్మకు ప్రాణం పోసేది ఆ మెత్తదనమే. విల్లు చేస్తే నాలుగు లాగులకే నడుం వంచేస్తుంది.

వాళ్ల వెదురు విల్లు ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. రంపపు కోత కనిపించదు, చీల్చారు. నార ఎటు పోతే చీలిక అటే పోయింది. వెదురులో నార దట్టంగా ఉండేది నునుపైన పైపెచ్చు దగ్గరే, లోపలికి పోయేకొద్దీ పలచన. అందుకే పనితనం తెలిసినవాడు పెచ్చు జోలికి పోడు, చెక్కుడంతా లోపలివైపు. కణుపుల దగ్గర కాస్త కండ వదులుతాడు. కత్తి వాదరతో గీరడం, మోకాలికి ఆన్చి వంచి చూడటం, మళ్లీ గీరడం. పొట్టు దుమ్ములా రాలుతుంది. తొందరపడితే పని చెడినట్టే: వెడల్పు సగమైతే బిగువు సగమే తగ్గుతుంది కానీ, మందం సగమైతే ఎనిమిదో వంతే మిగులుతుంది. ఈ లెక్క కాగితం మీద లేదు, బొటనవేలిలో ఉంది. కొసల్లో కొప్పులు, వాటికి బిగించిన అల్లె. చాలా విళ్లకు అదీ వెదురు చీలికే! అల్లూరి బొమ్మల్లో గీసే వంకీల విల్లు కన్నా ఈ సాదా బద్దే నాకు అందంగా కనిపిస్తుంది.

ఇంగ్లండువాళ్లు యూ చెట్టును నమ్ముకున్నారు. 1545లో మునిగిన మేరీ రోజ్ ఓడలో ఆ విళ్లు నూటికి పైగా దొరికాయి. మన కొయ్యల్లో నా పందెం చరచి మీద. దాని సంస్కృతం పేరే ధన్వనం. పనిముట్ల పిడులకు వాడే కర్ర, దెబ్బకు విరక్కుండా ఊగుతుంది. అయితే పేరు చూసి విల్లు చెక్కకూడదు. వేలి మందం పుల్ల చీల్చి, వంచి, కాసేపు పట్టి వదలాలి. ఎంత వంకర మిగిలిందో చూడాలి. పెళ్లున విరిగితే ఒక జవాబు, పీచులు పీచులుగా చీలితే ఇంకో జవాబు. ఈ పరీక్షకు నిలిచిన కర్ర దుంగకు రెండు కొసలా లక్క పూసి నీడలో ఆరబెట్టాలి, తడి మెల్లగా పోయేలా. లక్కకైతే ఏటికొప్పాక దగ్గరే.