బ్రన్హామ్ స్వస్థత కథనాలు : ఒక పరిశీలన

దైవానుమతితో రోగి స్వస్థుడు కావటం అసాధ్యమని ఏ ముస్లిమూ అనడు. ఈసా (అలైహిస్సలాం) అల్లాహ్ అనుమతితో పుట్టుగుడ్డివారికీ, కుష్ఠురోగులకూ స్వస్థత చేకూర్చారని దివ్య ఖుర్ఆన్ తెలియజేస్తోంది. అందుచేత ఒక వ్యక్తి తన ప్రార్థన వల్ల రోగులు బాగుపడ్డారని ప్రకటించినప్పుడు, అద్భుతం జరగగలదా అన్నది మన ప్రశ్న కాదు. ఈ వార్త ఎవరి నోట వచ్చింది? ఎప్పుడు వచ్చింది? తెలిసిన విషయాలతో పొసగుతున్నదా? ఇవే మన ప్రశ్నలు. నమ్మదగని వ్యక్తి వార్త తెస్తే విచారించి తెలుసుకోమని అల్ హుజురాత్ సూరాలోని 6వ ఆయత్ ఆదేశిస్తోంది. హదీసువేత్తలు ఈ ఆదేశాన్నే ఒక శాస్త్రంగా మలిచారు. ఉల్లేఖకుని నిజాయితీని, జ్ఞాపకశక్తిని, ఉల్లేఖనంలోని విషయాన్ని విడివిడిగా తూచారు.

ఈ త్రాసులో అమెరికాకు చెందిన విలియం బ్రన్హామ్ (1909-1965) కథనాలను ఉంచి చూద్దాం. 1946లో ఒక దేవదూత తనకు స్వస్థత వరాన్ని ప్రసాదించాడని ప్రకటించి, ఆయన పెద్ద పెద్ద సభలు జరిపాడు. 1954లో బొంబాయికి కూడా వచ్చాడు. ఆయన ప్రసంగాలు వెయ్యికి పైగా టేపులపై భద్రమై ఉన్నాయి. తెలుగులోకి కూడా అనువాదమై మన ప్రాంతాల్లో చదవబడుతున్నాయి. కనుక ఈ పరిశీలన మనకు దూరపు విషయం కాదు.

మొదటిది, వంతెన కథనం. ఒహాయో నదిపై వంతెన కడుతుండగా 16 మంది పడి చనిపోవటం చిన్ననాడే దర్శనంలో చూశాననీ, 22 సంవత్సరాల తర్వాత లూయీవిల్‌లోని మునిసిపల్ వంతెన విషయంలో అది అక్షరాలా నెరవేరిందనీ బ్రన్హామ్ చెప్పేవాడు. ఆ వంతెన 1929లో ప్రారంభమయింది. అప్పటికి ఆయన వయస్సు 20 ఏండ్లు. పుట్టిన నాడే దర్శనం చూశాడనుకున్నా 22 ఏండ్ల లెక్క కుదరదు. పైగా దాని నిర్మాణంలో 16 మంది మరణించినట్లు దాఖలా లేదు. అదే నగరంలో బిగ్ ఫోర్ అనే రైలు వంతెన కడుతుండగా 1890లో రెండు ప్రమాదాల్లో 12 మంది, నలుగురు - మొత్తం 16 మంది మరణించారు. అది బ్రన్హామ్ పుట్టకముందు మాట. ఊరిలో మిగిలిన ఆ పాత జ్ఞాపకమే దర్శనంగా మారి ఉండవచ్చు.

రెండవది, ఇంగ్లండు రాజు కథనం. ఆరవ జార్జి రాజుకు మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల వ్యాధి ఉండేదనీ, తన ప్రార్థనతో ఆయన స్వస్థుడయ్యాడనీ బ్రన్హామ్ చెప్పుకున్నాడు. రాజు అనారోగ్యం లోకమెరిగిన విషయం. ఆయనకు ఉన్నది కాళ్ళ రక్తనాళాల జబ్బు. దానికి 1949 మార్చిలో శస్త్రచికిత్స జరిగింది. 1951 సెప్టెంబరులో క్యాన్సర్ సోకిన ఎడమ ఊపిరితిత్తిని తొలగించారు. 1952 ఫిబ్రవరి 6న, 56 ఏండ్ల వయస్సులో ఆయన మరణించాడు. లేని జబ్బు నయమయింది; ఉన్న జబ్బు ప్రాణం తీసింది!

మూడవది, 1977 సంగతి. ఆ సంవత్సరానికల్లా లోకవ్యవస్థ ముగిసిపోతుందని బ్రన్హామ్ అంచనా ప్రకటించాడు. అది దైవవాక్కు కాదు, తన అంచనా మాత్రమేనని ఆయన అన్న మాటను కూడా న్యాయంగా పేర్కొనాలి. అయినా ఆ సంవత్సరం వచ్చింది, వెళ్ళింది.

వేలాది మంది స్వయంగా చూశారు కదా అని అనుయాయులు అడుగుతారు. జూరిచ్‌లో 1955లో ఆయనకు దుబాసీగా నిలిచిన వాల్టర్ హోలెన్‌వెగర్ సాక్ష్యం ఇక్కడ విలువైనది. ఆయన విరోధి కాడు. ఆ వర్గం నుంచే వచ్చిన చరిత్రకారుడు. బ్రన్హామ్ ఎదుటివారి రోగాలను చెప్పగలగటం నిజమని ఒప్పుకుంటూనే, నిజంగా నయమైనవారు బహు కొద్దిమందేనని ఆయన వ్రాశాడు. వేదికపై లేచి నడిచినవాణ్ణి జనం చూస్తారు. మరుసటి నెల మంచం పట్టినవాణ్ణి ఎవరు చూస్తారు? స్వస్థత నిలవకపోతే అది రోగి విశ్వాసలోపమని చెప్పటం ఈ సభల రివాజు. వ్యాధితో నలిగినవాని నెత్తిన అపరాధభావం కూడా మోపటమే ఇది. నయమైపోయిందని నమ్మి మందు మానినవాని ప్రాణానికి జవాబుదారీ ఎవరు?

అయితే పాఠకులు ఇక్కడితో తృప్తిపడి పత్రిక మూసివేయరాదు. తావీజు కట్టి క్యాన్సర్ పోగొడతామనేవారు మన వీధుల్లో లేరా? ఫలానా బాబాగారి ఊదిన నీటితో చచ్చినవాడు లేచాడనే కథనాలకు మనం ఏ సనదు అడుగుతున్నాం? పరాయివాని కథనానికి ఒక త్రాసు, మనవాని కథనానికి మరొక త్రాసు వాడటం న్యాయం కాదు.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) కుమారుడు ఇబ్రాహీం పసితనంలో మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ బిడ్డ మరణం వల్లనే సూర్యుడు మసకబారాడని జనం అనుకోసాగారు. కడుపుకోతలో ఉన్న తండ్రి మౌనంగా ఉండిపోతే ఆ మాట స్థిరపడిపోయేది. కాని ఎవరి చావుపుట్టుకల కోసమూ గ్రహణాలు పట్టవని ఆయన అందరి ఎదుటా ప్రకటించారు. తన గౌరవాన్ని పెంచే అసత్యాన్ని ఆయనే తోసిపుచ్చారు. రోగికి చికిత్స చేయించమని ఆదేశించినవారు కూడా ఆయనే.

దుఆ చేద్దాం, వైద్యుని వద్దకూ పోదాం. అద్భుతం జరిగిందని ఎవరైనా అంటే, ఆ మనిషి ఏ మతంవాడైనా సరే, మర్యాదగా ఆధారం అడుగుదాం.